రోజ్‌మేరీ ఏదో గుర్తించి నాటాలి

సంపాదకుల వారికి నమస్కారం.

కాలిఫోర్నియాలో ఇళ్ల ముందున్న పచ్చికను తీసివేసి, నీరు తక్కువ అడిగే మధ్యధరా ప్రాంతపు మొక్కలతో నేలను కప్పుకోవడం గురించి మీ ప్రవాస తెలుగువారి పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. ఈ విషయానికి అంత చోటు ఇచ్చినందుకు ముందుగా కృతజ్ఞతలు. అయితే ‘నేల మీద పరుచుకునే రోజ్‌మేరీ’ అనే వ్యాఖ్యతో అచ్చు వేసిన ఫొటోలోని మొక్క, వంటలో వాడే ఆ సువాసన పొద రోజ్‌మేరీ కాదు. ఫొటో చాలా స్పష్టంగా ఉంది కాబట్టి సందేహానికి తావు లేదు. పూలు తెల్లగా, ఐదు రేకలుగా విచ్చుకుని, గొంతు దగ్గర చిన్న చుక్కలతో ఉన్నాయి. కొమ్మ మీద ప్రతి కణుపు వద్దా ఆకులు నాలుగేసి చుట్టుగా అమరి ఉన్నాయి. అది ఆస్ట్రేలియా తూర్పు తీరానికి చెందిన వెస్ట్రింజియా అనే మరో పొద. అదీగాక, ఈ మొక్కలకు ‘నీరు దాదాపు అవసరం లేదు’ అని వ్యాసం ఒక్క వాక్యంలో తేల్చివేసింది. ఈ రెండు పొరపాట్లూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయని నా అభిప్రాయం. మొక్క ఏదో కచ్చితంగా తెలియనిదే దాని దాహం ఎంతో చెప్పలేము. ఆ దాహం ఏ ఋతువులో ఎంతో తెలియనిదే, ఎండకు ఓర్చుతుందని నమ్మి నాటిన మొక్క కూడా ఏడాది తిరగకుండానే చనిపోతుంది.

ఈ మాట ఇంత పట్టుదలగా చెప్పడానికి కారణం ఉంది. నేను నివసించే శాన్‌హోజే, దాని చుట్టుపక్కల ఊళ్లలో తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. 2015 ఏప్రిల్ 1న, సాధారణంగా ఐదడుగుల మంచు పేరుకుని ఉండవలసిన సియెరా నెవాడా పర్వతాల మీద, మంచు జాడే లేని ఎండుగడ్డి మైదానంలో నిలబడి, పట్టణాల నీటి వాడకాన్ని 25 శాతం తగ్గించాలని అప్పటి గవర్నర్ జెర్రీ బ్రౌన్ ప్రకటించారు. రాష్ట్రమంతటా 5 కోట్ల చదరపు అడుగుల పచ్చికను తొలగించాలన్న లక్ష్యం కూడా ఆ ఉత్తర్వులోనే ఉంది. 2023లో చేసిన మరో చట్టం, ఎవరూ నడవని, ఆడుకోని అలంకార పచ్చికకు తాగునీరు పెట్టడాన్ని కార్యాలయాలు, వాణిజ్య సముదాయాలు, నివాస సంఘాల ఉమ్మడి స్థలాలలో 2027 నుంచి దశలవారీగా నిషేధిస్తున్నది. సొంత ఇంటి ముంగిలికి ఆ నిషేధం వర్తించకపోయినా, పచ్చిక తీసేసినవారికి స్థానిక నీటి సంస్థలు కొంత సొమ్ము తిరిగి ఇస్తున్నందువల్ల ఈ మార్పు మన వీధులన్నిటిలోనూ కనిపిస్తున్నది. పచ్చిక పోయిన చోట ఏమి నాటాలన్న ప్రశ్నకు ఇక్కడి నర్సరీలలో తరచుగా వినిపించే జవాబు, వంటకూ పనికివస్తుందన్న ఆకర్షణ ఉన్న రోజ్‌మేరీ. మీ వ్యాసం చదివి నర్సరీకి వెళ్లేవారు ఆ ఫొటోనే ఫోనులో చూపించి మొక్క అడుగుతారు.

కాబట్టి గుర్తుపట్టే విధానాన్ని కొంత వివరంగా రాయనివ్వండి. రోజ్‌మేరీ తులసి, పుదీనా, తుమ్మి మొక్కల కుటుంబానికి చెందినది. ఆ కుటుంబంలోని చాలా మొక్కలకు లాగే దీని లేత కొమ్మలను వేళ్ల మధ్య పెట్టి తిప్పితే నాలుగు పలకలు చేతికి తగులుతాయి. ఆకులు ప్రతి కణుపు వద్దా రెండు, ఎదురెదురుగా ఉంటాయి. కణుపుల దగ్గర పొట్టి పక్కకొమ్మలు గుత్తులుగా లేస్తాయి గనుక దూరం నుంచి ఆకులు గుంపులుగా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. కొంచెం ఓపికగా ఆ చిన్న కొమ్మలను పక్కకు తప్పించి చూస్తే అసలు ఆకులు రెండే అని తెలుస్తుంది. ఆకు సూదిలా సన్నగా ఉన్నా నిజానికి సూది కాదు. దాని రెండు అంచులూ కిందివైపుకు చుట్టుకుని ఉంటాయి. పైభాగం ముదురాకుపచ్చగా మెరుస్తుంది. కిందిభాగం మధ్య ఈనెకు ఇరుపక్కలా తెల్లని నూగుతో నిండి ఉంటుంది. నలిపితే వచ్చే వాసన కర్పూరాన్ని, నీలగిరి తైలాన్ని తలపిస్తుంది, చేతులు కడుక్కున్నా కొంతసేపటి వరకు పోదు. ఇక పువ్వు. లేత నీలం నుంచి ముదురు నీలం వరకు రంగు మారవచ్చు, అరుదుగా తెలుపు, గులాబీ రకాలూ ఉన్నాయి. కాని నిర్మాణం మారదు. పైన చీలిన చిన్న పెదవి, కింద మూడు భాగాల పెద్ద పెదవి, వాటి మధ్య నుంచి వంపు తిరిగి బయటికి పొడుచుకువచ్చే కేసరాలు రెండే. తుమ్మిపువ్వును దగ్గరగా చూసినవారికి ఈ పెదవుల అమరిక వెంటనే అర్థమవుతుంది.

ఆ రెండు కేసరాలకు ఒక చరిత్ర ఉంది. స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ 1753లో ఈ మొక్కను రోజ్మరైనస్ అఫిసినాలిస్ అని వేరే ప్రజాతిగా, అంటే దగ్గరి జాతుల వేరే సముదాయంగా, నమోదు చేశాడు. వంశక్రమాన్ని జన్యువుల ఆధారంగా పరిశీలించిన వృక్షశాస్త్రజ్ఞులు 2017లో దీనిని సాల్వియా ప్రజాతిలో చేర్చారు. సాల్వియాలలోనూ పనిచేసే కేసరాలు రెండే ఉంటాయి. అందువల్ల ఇప్పుడు కొన్ని నర్సరీల చీటీలపై పాత పేరు, మరికొన్నిటిపై సాల్వియా రోజ్మరైనస్ అనే కొత్త పేరు కనిపిస్తున్నాయి. రెండూ ఒకే మొక్క. సాల్వియా అని చదివి వేరేదేదో అంటగడుతున్నారని అనుకుని వెనుదిరగనక్కరలేదు.

వెస్ట్రింజియా కూడా ఇదే కుటుంబానిది. దాని ఆకు కూడా సన్నగా, కింద తెల్లగా ఉంటుంది. నేల మీద పరుచుకునే రకాలూ ఉన్నాయి. పైగా ఇక్కడి వాడుకలో దానిని తీరప్రాంతపు రోజ్‌మేరీ అని పిలుస్తారు. పొరపాటు జరగడంలో ఆశ్చర్యం లేదు. అయినా తేడా తెలుసుకోవడానికి ఒక్క నిమిషం చాలు. కణుపు వద్ద ఆకులు రెండు కాక మూడు నుంచి ఐదు వరకు, ఎక్కువగా నాలుగు, చుట్టుగా ఉంటాయి. నలిపితే చెప్పుకోదగ్గ వాసన ఉండదు. పువ్వు తెల్లగా లేదా లేత ఊదాగా విప్పారి ఉంటుందే తప్ప పొడవైన కేసరాలు బయటికి వంగవు. వెస్ట్రింజియా చెడ్డ మొక్కేమీ కాదు. కత్తిరింపుకు బాగా తట్టుకుంటుంది, ఉప్పుగాలికి ఓర్చుతుంది, ఆఫీసుల ప్రాంగణాలలో సంవత్సరాల తరబడి చక్కగా పెరుగుతుంది. అది వంటకు పనికిరాదు, నాటవలసిన ఎడం, ఎదిగే తీరు వేరు. కూరలో వేసుకుందామనో, జుట్టుకు నీళ్లు కాచుకుందామనో కొన్నవారికి అది తెలిసి ఉండాలి.

నీలంపూల విషయంలో మోసపోవడానికి అవకాశం ఇచ్చేది ట్యూక్రియం ఫ్రుటికాన్స్ అనే మరో మొక్క. ఇది అచ్చంగా పశ్చిమ మధ్యధరా ప్రాంతానిదే. పువ్వు నీలంగా ఉన్నా దానికి పై పెదవి లేదు. ఐదు భాగాలూ కలిసి కింది పెదవిగానే వేలాడతాయి, బయటికి వచ్చే కేసరాలు నాలుగు. కాండం వెన్నెల పూసినట్టు తెల్లగా, ఆకు వెడల్పుగా ఉంటుంది. లావెండర్‌తో గందరగోళం తక్కువ, ఎందుకంటే దాని పూలు ఆకుల సందుల్లో కాక పొడవైన కాడ చివర కంకిగా వస్తాయి.

వీటన్నిటికన్నా ముఖ్యమైన హెచ్చరిక ఒకటి ఉంది. చల్లని ప్రాంతాల నర్సరీలలో బాగ్ రోజ్‌మేరీ అనే పేరుతో అమ్మే ఆండ్రోమెడా పోలిఫోలియా అనే పొదకు రోజ్‌మేరీతో ఏ చుట్టరికమూ లేదు. అది రోడోడెండ్రాన్ కుటుంబానిది, విషపూరితమైనది. దాని ఆకులు కణుపుకు ఒక్కటి చొప్పున ఏకాంతరంగా ఉంటాయి, పూలు చిన్న కుండల ఆకారంలో గులాబీ రంగులో వేలాడతాయి. ఇళ్ల ముందు కంచెగా పెంచే యూ అనే పొద కొమ్మలు కూడా పైపై చూపుకు రోజ్‌మేరీలా కనిపిస్తాయి. దాని ఆకులు, గింజలు మనుషులకూ పశువులకూ ప్రాణాంతకం. వీధిలోనో పార్కులోనో కనిపించిన కొమ్మను వంటకు తుంచే అలవాటు ఉన్నవారు, వాసన, కణుపు దగ్గర రెండే ఆకులు, ఆకు కింది తెల్లని నూగు ఈ మూడూ సరిపోలితే తప్ప నోట పెట్టకూడదు. రోడ్ల పక్కన మందులు చల్లి ఉండవచ్చు గనుక సరిపోలినా పెట్టకపోవడమే మంచిది. ఫొటో చూసి పేరు చెప్పే యాప్‌లను వాడేవారు మొక్క మొత్తాన్ని దూరం నుంచి తీసే బదులు, ఒక కణుపును, ఆకు కిందిభాగాన్ని, ఒక పువ్వును విడివిడిగా దగ్గరగా తీయాలి. అప్పటికీ సందేహం తీరకపోతే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో పనిచేసే మాస్టర్ గార్డెనర్ స్వచ్ఛంద కార్యకర్తలు ప్రతి కౌంటీలో దాదాపుగా ఉన్నారు, డబ్బు తీసుకోకుండా సలహా ఇస్తారు.

రోజ్‌మేరీ అని తేలిన తరువాత కూడా ఏ రోజ్‌మేరీ అన్న ప్రశ్న మిగులుతుంది, మీ వ్యాసం దీనిని పూర్తిగా వదిలివేసింది. నిటారుగా పెరిగే టస్కన్ బ్లూ వంటి రకం మనిషి ఎత్తు దాటగలదు. దానిని నేలను కప్పడానికి నాటితే నాలుగేళ్లలో కిటికీ మూసుకుపోతుంది. కార్సికా, కాప్రి వంటి చోట్ల సముద్రపు గాలి కొట్టే కొండచరియల మీద ఈ జాతి మొక్కలే నేలకు అతుక్కుని పెరుగుతాయి. తోటల్లోని పాకే రకాలు అటువంటివే. కాలిఫోర్నియాలో వీటిలో ఎక్కువగా దొరికేవి ప్రోస్ట్రాటస్, లాక్‌వుడ్ డి ఫారెస్ట్, హంటింగ్టన్ కార్పెట్, ఐరీన్. లాక్‌వుడ్ డి ఫారెస్ట్ శాంటా బార్బరాకు చెందిన ప్రసిద్ధ తోటల రూపశిల్పి పేరు మీద వచ్చినది. హంటింగ్టన్ కార్పెట్ శాన్ మరీనోలోని హంటింగ్టన్ ఉద్యానవనం నుంచి వచ్చినది. పాత పాకే రకాలు వయసు మీరేకొద్దీ నడిమధ్యలో ఆకురాల్చి కట్టెలు తేలతాయి. హంటింగ్టన్ కార్పెట్‌కు ఆ లోపం తక్కువ, ఒకటి రెండు అడుగుల ఎత్తులో ఉంటూ ఆరడుగులకు పైగా పరుచుకుంటుంది, కాబట్టి చదునైన నేలకు నేను దానినే సూచిస్తాను. గట్టు మీది నుంచి కిందికి జాలువారాలంటే ఐరీన్ మేలు. చిన్న కుండీలో ఉన్నప్పుడు నిటారు రకమూ పాకే రకమూ దాదాపు ఒకేలా ఉంటాయి. కొమ్మలు కుండీ అంచు దాటి మెలికలు తిరుగుతూ వంగుతున్నాయా అన్నది ఒక గుర్తు, కాని లేత మొక్క విషయంలో అది కూడా నమ్మదగినది కాదు. చీటీ మీద రకం పేరు లేకుండా రోజ్‌మేరీ అని మాత్రమే ఉంటే ఆ మొక్కను పచ్చిక స్థానంలో నాటడానికి కొనవద్దు. ఇక ఏ రకమైనా సరే, రోజ్‌మేరీ నేలను కప్పుతుందే గాని కాలి తొక్కుడుకు నిలవదు. పిల్లలు ఆడుకునే చోట, నడిచే దారిలో అది పచ్చికకు బదులు కాలేదు. పూసినన్నాళ్లూ తేనెటీగలు వదలవు కూడా.

ఇప్పుడు నీటి విషయం. మన రాయలసీమ పాఠకులకు అర్థమయ్యే ఉదాహరణ ఒకటి చెబుతాను. అనంతపురంలో సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. శాన్‌హోజేలో 400 మిల్లీమీటర్లు కూడా పడదు. రెండూ కొండల చాటున వాననీడలో ఉన్న ప్రాంతాలే, అక్కడ పడమటి కనుమలు, ఇక్కడ శాంటా క్రూజ్ కొండలు. వాన లెక్క మాత్రమే చూస్తే రోజ్‌మేరీ అనంతపురంలో ఇంకా సులువుగా పెరగాలి. అలా జరగదు. శాన్‌హోజేలో వాన దాదాపు అంతా నవంబరు నుంచి మార్చి లోపల, చలిలో కురుస్తుంది; జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఆకాశం పొడిగా ఉంటుంది. అనంతపురంలో వేడి నేల మీద, జూన్ తరువాతనే ముఖ్యమైన వాన వస్తుంది. మధ్యధరా సముద్రం చుట్టూ, కాలిఫోర్నియాలో, మధ్య చిలీలో, దక్షిణాఫ్రికా కేప్ ప్రాంతంలో, ఆస్ట్రేలియా నైరుతి, దక్షిణ తీరాలలో మాత్రమే ఇలా చలికాలంలో వాన, వేసవిలో పొడి ఉంటాయి. రోజ్‌మేరీ స్పెయిన్, దక్షిణ ఫ్రాన్స్, ఇటలీ, ఏడ్రియాటిక్ తీరం, ఉత్తర ఆఫ్రికాలలోని సున్నపురాతి గుట్టల మీద ఈ లయకు అలవాటు పడి పెరిగిన మొక్క. చలికాలంలో తడి అందుకుని వేరు, కొమ్మ పెంచుకుంటుంది, చలి చివర పూస్తుంది, వేసవిలో ఎదుగుదల దాదాపు ఆపివేసి ప్రాణం నిలుపుకుంటుంది.

ఆ నిలుపుకోవడం ఎలాగన్నది ఆకును చూస్తేనే తెలుస్తుంది. చుట్టుకున్న అంచులు, కిందనున్న నూగు ఇందాక గుర్తుపట్టడానికి చెప్పాను. అవే దీని నీటి పొదుపు సాధనాలు. ఆకు నుంచి నీరు ఆవిరిగా బయటికి పోయే పత్రరంధ్రాలన్నీ దాని కిందిభాగంలో, ఆ నూగు మధ్య దాగి ఉంటాయి గనుక వేడిగాలి వాటిని నేరుగా తాకదు. నీరు అందని మధ్యాహ్నాలలో అవి మూసుకుపోయినప్పుడు, వాడుకోలేని వెలుతురు ఆకుపచ్చని కణభాగాలను దెబ్బ తీయకుండా కార్నోసిక్ ఆమ్లం అనే పదార్థం తాను ఆక్సీకరణం చెంది కాపాడుతుంది. వేసవిలో రోజ్‌మేరీ ఆకులు కొంత ముడుచుకుని, రంగు తగ్గి కనిపించడం ఇందువల్లనే. అది నీరు అడగడం కాదు. ఆ రంగు చూసి కంగారుపడి రోజూ నీరు పెట్టేవారి తోటల్లోనే ఈ మొక్క ఎక్కువగా చనిపోతున్నది. వేడి, తడి కలిసిన మట్టిలో ఫైటోఫ్తోరా వంటి, శిలీంధ్రాలను పోలిన జీవులు వేరును కుళ్లబెడతాయి. వేరు కుళ్లిన మొక్క నీరు పీల్చలేక వాడుతుంది. వాడింది కదా అని మళ్లీ నీరు పెడతారు. ఇక్కడి చాలా ఇళ్లలో పచ్చిక తీసివేసినా దాని కోసం పెట్టిన స్ప్రింక్లర్ల గడియారాన్ని మాత్రం మార్చరు, తోట వేసి వెళ్లిన పనివారూ ఆ సంగతి చెప్పరు. వారానికి మూడుసార్లు తలమీద పడే ఆ నీరు, ఏ ఎండకన్నా రోజ్‌మేరీకి పెద్ద శత్రువు.

అలాగని నీరే అక్కరలేదని రాయడం కూడా తప్పే. నర్సరీ నుంచి తెచ్చిన మొక్క వేరు ఇంకా ఆ కుండీ మట్టి ముద్దలోనే ఉంటుంది. చుట్టూ నేల తడిగా ఉన్నా ఆ తేలిక మట్టి రెండు రోజుల్లో ఎండిపోగలదు. కాబట్టి నాటిన మొదటి వేసవిలో వారం పది రోజులకు ఒకసారి, అడుగు లోతు తడిసేలా, మొదలుకు కొంచెం ఎడంగా నీరు పెట్టాలి. రెండవ వేసవిలో ఆ వ్యవధిని రెండు మూడు వారాలకు పెంచవచ్చు. ఆ తరువాత సముద్రపు చల్లగాలి తగిలే ప్రాంతాలలో వానే చాలవచ్చు, లోపలి లోయల్లో వేసవికి నెలకొక లోతైన తడి చాలు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రూపొందించిన మొక్కల నీటి అవసరాల పట్టికలో ‘తక్కువ’ అనే వర్గం ఉంది; ఆ వాతావరణంలో ప్రామాణిక పచ్చిక నుంచి ఆవిరయ్యే నీటిలో 10 నుంచి 30 శాతం అని దాని అర్థం. రోజ్‌మేరీ అందులోకి వస్తుంది. అది సున్నా కాదు, వేరూనిన మొక్కకు వేసిన లెక్క.

నాటడానికి సరైన కాలం అక్టోబరు మధ్య నుంచి, తొలి వానలకు ముందో వెంటనో. వసంతంలో నర్సరీలు పూలతో కళకళలాడుతున్నప్పుడు కొనడం అందరికీ సహజం, కాని అప్పుడు నాటిన మొక్క వేరు పట్టేలోగానే వేసవిలో పడుతుంది. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ ఉన్న చోటు కావాలి. శాన్‌హోజే ఉన్న శాంటా క్లారా లోయలో చాలా ఇళ్ల కింద ఉన్నది మన నల్లరేగడికి తీసిపోని జిగటమట్టి. గోతిలో నీరు నింపి, ఇంకిన తరువాత మళ్లీ నింపి చూడాలి. మర్నాటికి కూడా నిలిచి ఉంటే ఆ గోతిలో రోజ్‌మేరీ పెట్టవద్దు. గోతి అడుగున కంకర పోయడం వల్ల ప్రయోజనం లేదు, నీరు కంకర పైన మట్టిలోనే ఆగుతుంది. ఉన్న మట్టినే అడుగు ఎత్తు దిబ్బగా పోసి, దాని మీద నాటి, వేరూ కాండమూ కలిసే మెడ మట్టిపైకి కొంచెం తేలేలా ఉంచితే సరిపోతుంది. ఎరువు వద్దు. బలమైన ఎరువుతో వచ్చే లేత, పొడవు కొమ్మలు వాసన లేనివి, నీరు ఎక్కువ అడిగేవి. మొక్కకు మొక్కకు మధ్య కనీసం నాలుగడుగులు వదలండి. మొదటి ఏడాది ఖాళీగా కనిపిస్తుందని దగ్గర దగ్గరగా నాటితే, తరువాత ఒకదాని మీద ఒకటి ఎక్కి లోపల ఎండుకొమ్మలు పేరుకుంటాయి. ఆ ఖాళీలో కలుపు రాకుండా చెక్కపొట్టు పరిచి, మొదలు చుట్టూ మాత్రం ఒక జానెడు వదిలివేయాలి.

కత్తిరింపు పూత అయిపోగానే, ఏటా కొద్దికొద్దిగా చేయాలి. ఆకులున్న పచ్చని భాగం వరకే కత్తెర వేయాలి. ఆకులు లేని ముదురు కట్టెలోకి కోస్తే అక్కడి నుంచి మళ్లీ చిగురు రావడం చాలా అరుదు, చాలామంది తోటల్లో కనిపించే బోడి గుంతలకు కారణం ఇదే. కొత్త మొక్కలు కొనవలసిన పని కూడా లేదు. పాకే రోజ్‌మేరీ కొమ్మ తడినేలను ఆనుకున్న చోట తనంత తానే వేరు వేస్తుంది. అలా వేరుపడిన కొమ్మను వానాకాలంలో తల్లి నుంచి కోసి వేరే చోట నాటుకోవచ్చు. లేదా పూయని కొమ్మ చివర నాలుగు అంగుళాలు కోసి, కింది సగం ఆకులు దూసి, ఇసుక ఎక్కువ కలిపిన మట్టిలో గుచ్చి నీడలో ఉంచితే నెల రెండు నెలలలో వేరు వస్తుంది. పొరుగు తెలుగు ఇంటి నుంచి కొమ్మ తెచ్చుకోవడం అన్నిటికన్నా చవకైన, నమ్మకమైన మార్గం, ఎందుకంటే పెరిగిన తల్లి మొక్కను కళ్లారా చూసి రకం తెలుసుకుని తెచ్చుకుంటాము. ఇటలీ, స్పెయిన్ వెళ్లినప్పుడు అక్కడి కొమ్మను సంచిలో పెట్టుకుని తేవడం మాత్రం ఎవరూ చేయకూడదు. దక్షిణ ఇటలీలోని పూల్యాలో ఆలివ్ తోటలను నాశనం చేస్తున్నట్టు 2013లో బయటపడిన జైలెల్లా బ్యాక్టీరియాకు ఆశ్రయమిచ్చే మొక్కల్లో రోజ్‌మేరీ కూడా ఒకటి.

మీ వ్యాసంలో అసలు ప్రస్తావనే లేని ప్రమాదం నిప్పు. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల పాలిసేడ్స్, ఈటన్ మంటలు వేల ఇళ్లను బూడిద చేసిన తరువాత దీనిని విస్మరించడం తగదు. రోజ్‌మేరీ ఆకుల్లో తైలం ఎక్కువ. పైన పచ్చగా ఉన్నా పాత మొక్క కింద ఎండాకు, ఎండుపుల్లలు మందంగా పేరుకుంటాయి. గాలికి ఎగిరివచ్చిన నిప్పురవ్వకు అంతకన్నా అనుకూలమైన చోటు ఉండదు. మంటల ముప్పు ఉన్న ప్రాంతాలలో ఇంటి గోడ నుంచి మొదటి 5 అడుగుల మేర అంటుకునే వస్తువు ఏదీ ఉండకూడదన్న నియమానికి ఈ రాష్ట్రంలో 2020 చట్టం పునాది వేసింది. కాబట్టి నీరు తక్కువ అడుగుతుందని గోడ వెంబడి, కిటికీ కింద, చెక్క కంచె మొదట్లో రోజ్‌మేరీ నాటమని సలహా ఇవ్వకండి. వీధి వైపు గట్టు, కాలిబాటకు ఇవతలి ఏటవాలు నేల దానికి తగిన చోట్లు. అక్కడ కూడా ఏటా లోపలి ఎండుభాగాన్ని తీసివేయాలి.

డాలస్ పరిసరాలలో ఉన్న మన పాఠకులు మీ వ్యాసాన్ని తమకూ వర్తింపజేసుకునే ప్రమాదం ఉంది. ఉత్తర టెక్సస్‌ది మధ్యధరా వాతావరణం కాదు. 2021 ఫిబ్రవరిలో అక్కడి ఉష్ణోగ్రత మైనస్ 18 సెల్సియస్‌కు దిగువకు పడినప్పుడు ఏళ్ల తరబడి పెరిగిన రోజ్‌మేరీ పొదలు కూడా చచ్చిపోయాయి. పాకే రకాలు నిటారు రకాల కన్నా చలికి ఇంకా సున్నితమైనవి. టెక్సస్‌లోనే దొరికిన ఆర్ప్ అనే రకం చలికి బాగా తట్టుకుంటుంది గాని అది నిలువుగా పెరిగేది, నేలను కప్పదు.

తెలుగు రాష్ట్రాలలోని పాఠకులకు కూడా రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే జుట్టు పెరుగుతుందన్న ప్రచారంతో హైదరాబాద్, విజయవాడ నర్సరీలలో ఇప్పుడు ఈ మొక్కను అడిగి మరీ కొంటున్నారు. నీలగిరుల చల్లదనంలో రోజ్‌మేరీ పంటగానే పండుతుంది. హైదరాబాద్‌లో ఏటా కురిసే దాదాపు 800 మిల్లీమీటర్ల వానలో ఎక్కువభాగం జూన్, సెప్టెంబరు మధ్యనే, మట్టి వెచ్చగా ఉన్నప్పుడు పడుతుంది. దీనికి సరిపడని కాలం సరిగ్గా అదే. కాబట్టి అక్కడ నేల మీద పరిచే ప్రయత్నం చేయవద్దు. అడుగున పెద్ద రంధ్రం ఉన్న మట్టికుండీలో, ఇసుక సగం కలిపి, అక్టోబరులో నాటి ఫిబ్రవరి వరకు ఎండలో పెంచండి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నపు ఎండ తగలని తూర్పు వసారాలో ఉంచి, పైమట్టి రెండు అంగుళాల లోతు ఎండిన తరువాతనే నీరు పోయండి. తొలకరి పడగానే కుండీని వాన తగలని చోటికి చేర్చండి, కుండీ కింద పళ్లెం ఉంటే ఆ నాలుగు నెలలూ తీసి పక్కన పెట్టండి. కొనేటప్పుడు అక్కడ కూడా ఒక ఆకు నలిపి వాసన చూసి, కణుపు దగ్గర ఆకులు రెండా నాలుగా లెక్కపెట్టి తీసుకోండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
శాన్‌హోజే, కాలిఫోర్నియా